వేసవిలో పశువు, పెరడు, పంచాయతీ

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఎండను గూర్చి మీకు మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు ఊరక అనలేదు. పల్నాటి రెంటచింతల పేరు ఏటేటా మే నెలలో పత్రికల కెక్కుచునే యుండును. వడగాడ్పులు మొదలు కాగానే మా వంటి ప్రచారోద్యోగులము కరపత్రములు వ్రాయుదుము, దండోరా వేయింతుము. మిట్టమధ్యాహ్నము బయట తిరుగవలదు, తలకు గుడ్డ చుట్టుకొనుడు, మజ్జిగ త్రాగుడు అని చెప్పుదుము. కరపత్రము చివర "పశువులను నీడపట్టున నుంచి తగినంత నీరు పెట్టవలెను" అని ఒక వాక్య ముండును. పదునెనిమిది ఏండ్లుగా ఆ వాక్యమును మార్చకుండ వ్రాయుచున్నాము. తగినంత యనగా ఎంతయో, ఆ నీరు ఎవరు మోయవలెనో అందులో లేదు. ఆ లోపమును సవరించుకొనుటకే నేడు మీ యెదుటికి వచ్చితిమి.

మూడేండ్ల క్రిందట పల్నాడు మెట్టలోని ఒక గ్రామమునకు పోయి యుంటిమి. ఊరి పేరు ఇక్కడ అనవసరము. అటువంటి ఊళ్ళు మీలో పెక్కుమంది వెనుక నున్నవి. అచట ఒక చిన్నరైతు ఇంట రెండు పూటలు గడపితిమి. ఎకరమున్నర మెట్ట భూమి, ఒక గేదె, ఒక పడ్డ, నాలుగు మేకలు, పది పండ్రెండు నాటుకోళ్ళు, ఇంటి వెనుక రెండు సెంట్ల పెరడు. ఇంటి యజమాని వేసవి నాలుగు నెలలు పట్నమునకు కట్టడపు పనికి పోవును. కావున ఈ సంసార మంతయు ఆ ఇల్లాలి మీదనే నడచుచుండెను.

మే నెలలో ఆ ఇంట నాలుగు గంటలకే తెల్లవారును. చీకటి ఉండగనే గాటిపాడు ఊడ్చి, పేడ దిబ్బకు చేర్చి, మేకలను విప్పి అయిదున్నరకు బీటికి తోలును. ఎండ ముదరకముందే, తొమ్మిదిన్నర గంటలకు, మంద తిరిగి వచ్చును. పిమ్మట సాయంకాలము అయిదు వరకు పశువు పాక వదలి బయటికి రాదు. తాటాకు పాక మీదికి ఆమె ఆనపతీగ నెక్కించి యుండెను. పడమటి వైపు గోనెపట్టాలు వ్రేలాడగట్టి రెండు గంటలకొకసారి నీళ్ళు చిలుకరించును. ఆ పట్టాల చాటున నిలుచున్నప్పుడు మాకే ప్రాణము లేచివచ్చినట్లుండెను. ఇది ఏ శాస్త్రజ్ఞుడో నేర్పినది కాదు. వాళ్ళ అత్తగారు చేయగా చూచి నేర్చుకొన్నదట.

ఆమె ఆ రోజు మోసిన నీటిని మేము లెక్కించితిమి. గేదెకు అయిదు బిందెలు, పడ్డకు మూడు, మేకలకు రెండు, కోళ్ళకు అర బిందె, పెరటికి నాలుగు. బిందె పదునైదు లీటర్లు. ఇంటి వాడుక గాక, పశువులకు, పెరటికి మాత్రమే పదునాలుగున్నర బిందెలు. ఇంటి కుళాయి ఆ నెలలో రోజు విడిచి రోజు గంటసేపు వచ్చుచుండెను. తక్కిన నీరంతయు వీధి చివరి బోరు నుండి నెత్తి మీదను, చంకలోను రావలసినదే.

గేదెకు అయిదు బిందెలా అని మీలో కొందరు నవ్వవచ్చును. పాడిగేదెకు వేసవిలో దినమునకు అరువది మొదలు ఎనుబది లీటర్ల నీరు కావలెను. గేదె పాలలో నూటికి ఎనుబదికి పైగా నీరే గదా! పోయని నీరు పొదుగులోనికి రాదు. పైగా గేదె ఎండకు ఓర్చు జంతువు కాదు. దాని తోలు నలుపు, వెండ్రుక పలుచన, ఆవుతో పోల్చిన చెమట గ్రంథులు మిక్కిలి తక్కువ. చెమట పట్టి చల్లబడు మార్గము లేదు గనుకనే అది బురద గుంట కనబడగానే పోయి పడును. మన వారు దానిని సోమరితనమునకు సామెతగా వాడుదురు గాని, పాపము, అది దాని ప్రాణోపాయము. మన ఒంగోలు జాతి సంగతి వేరు. తెల్లని మేను, వదులైన చర్మము, పెద్ద గంగడోలు గలిగి ఎండను కాచుకొనగలదు. ఆ గుణమును చూచియే బ్రెజిల్ దేశమువారు దానిని కొనిపోయి నెలోర్ అను పేరుతో లక్షోపలక్షలుగా పెంపు చేసికొన్నారు. మన చిన్నరైతు ఇంట మాత్రము నేడు ఎక్కువగా నున్నది గేదె. చెరువు అడుగంటిన పిమ్మట దానికి పడుకొనుటకు నీరు లేదు. పగలు రెండు మూడు మారులైన ఒంటిపై నీరు పోయవలెను. అదియు లేనిచో తడి గోనె కప్పవలెను.

వేసవిలో గేదె ఎదకు వచ్చిన సంగతి బయటపడదు. దానిని మూగ ఎద యందురు. అరపు ఉండదు, ఆత్ర ముండదు. ఉన్న కొద్దిపాటి గురుతులు రాత్రివేళ చల్లబడిన తరువాతనో, తెల్లవారుజామునో కనబడి మాయమగును. చూడని వారికి ఇరువది యొక్క దినములు పోయినట్లే. రెండు మూడు మారు లిట్లు తప్పినచో వేసవి గడచును, గేదె వట్టిపోవును, చూడి కట్టదు. ఆ ఇల్లాలి గేదెకు జరిగినది ఇదియే. పగలంతయు నీళ్ళు మోసిన మనిషి రాత్రి లేచి పశువును చూడవలెననుట చెప్పుటకు సులభము.

ఆ గేదెను అమ్మివేయ దలచితి నని ఆమె మాతో చెప్పెను. బేరగాడు రెండుమార్లు వచ్చి పోయెనట. వట్టిపోయిన గేదె గనుక సగము ధర కడుగుచున్నాడు.

"ఎండకు తాళలేకనా అమ్మా?" అని అడిగితిమి.

"ఎండకు గేదె తాళుద్దయ్యా, నీళ్ళు మోసి మోసి నేను తాళలేకపోతున్నా" అనెను.

మే రెండవ వారములో గేదె పోయెను. వానలు పడి మేత మొలిచిన పిమ్మట అటువంటి గేదెను తిరిగి కొనవలెనన్న అమ్మిన ధరకు రెట్టింపు పెట్టవలెను. ఆ ఇంటికి ఆ స్తోమతు లేదు. రోజుకు మూడు లీటర్లు కేంద్రమునకు పోసి, లీటరు పిల్లలకు ఉంచుకొను కుటుంబము ఆ యేడు పాలపొట్లము కొనుక్కొనెను.

సభ్యులారా, ఆ ఊరిలో పశువుల నీటితొట్టి లేకపోలేదు. ఆ ఇంటికి రెండువందల గజముల దూరములోనే సిమెంటుతో కట్టిన తొట్టి ఉన్నది. దాని ప్రారంభోత్సవమునకు మేమే పోయితిమి. రిబ్బను కత్తిరించినప్పుడు, మొదటి బిందె నీరు పోసినప్పుడు ఛాయాచిత్రములు తీసి పత్రికలకు పంపితిమి. ఆ చిత్రములో తొట్టి నిండుగ నున్నది, ఒక ఎద్దు నీరు త్రాగుచున్నది. గేదెను అమ్మిన యేట మరల చూచినపుడు ఆ తొట్టిలో ఎండుటాకులు, ఒక పగిలిన ప్లాస్టికు బకెట్టు ఉండెను. నీళ్ళ గొట్టము ఎవరో విప్పుకొనిపోయిరట. తొట్టి కట్టుటకు మంజూరు ఉండెను, దానిని నింపుటకు మనిషి లేడు. ఆ మనిషి ఎవరని ప్రారంభము నాడు మేమును అడుగలేదు.

ఇప్పుడు ఈ తొట్టి లెక్క కొంచెము చూతము. పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల తొట్టిలో సుమారు 1,700 లీటర్లు పట్టును. మీ ఊరిలో 200 గేదెలున్నవనుకొనుడు. తలకు 70 లీటర్ల చొప్పున 14,000 లీటర్లు. అన్నియు తొట్టి మీదనే ఆధారపడినచో దినమునకు ఎనిమిది మారులు దానిని నింపవలెను. ఇండ్లలో కొంత పెట్టుకొందురు గనుక మూడు నాలుగు మారులైనను తప్పదు. ప్రొద్దుట ఒకసారి నింపి తాళము వేసి పోయినచో పదిగంటలకే అడుగు కనబడును. బీటి నుండి వచ్చిన మంద దాహముతో నాకి పోవును. తొట్టి ఎండలో నున్నచో మధ్యాహ్నమునకు నీరు కాగి పశువు మూతి పెట్టదు. కావున వేపచెట్టు క్రిందనో, లేనిచో తాటాకు పందిరి క్రిందనో తొట్టి ఉండవలెను. పదునైదు దినముల కొకమారు కడిగి లోపల సున్నము కొట్టినచో పాచి పట్టదు. మేకపిల్లలకు అందునట్లు ఒక ప్రక్క అంచు తగ్గించుడు. చుట్టును రాతి పరుపు లేనిచో నాలుగు దినములలో అడుసై, ఈగలకు, దోమలకు నిలయమగును.

ఇది పంచాయతీ పనియా, పశువైద్యశాఖ పనియా అని అడుగువారు కలరు. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణతో పదునొకండవ షెడ్యూలు చేరినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు అందులో కలవు. నాల్గవది పశుపోషణ, పాడి, కోళ్ళ పెంపకము, పదునొకండవది త్రాగునీరు, పండ్రెండవది వంటచెరకు, పశుగ్రాసము. అంతకు ఎంతో పూర్వమే, 1871లో చేసిన పశువుల అతిక్రమణ చట్టములో, బందెలదొడ్డిలో పెట్టిన పశువునకు మేత, నీరు పెట్టవలసిన బాధ్యత దొడ్డి కాపరి దని వ్రాసిరి. పరాయి చేను మేసిన పశువునకే నీరు పెట్టుమన్నప్పుడు, ఏ తప్పు చేయని పశువు సంగతి వేరుగ చెప్పవలెనా!

నీటి తరువాత మేత. మెట్ట ఊళ్ళలో మార్చి నెలాఖరునకే వాములు తరుగును. డెల్టా నుండి లారీలలో వరిగడ్డి వచ్చును గాని అప్పటి ధర చిన్నరైతుకు అందదు. ఉన్న గడ్డినే బలవర్ధకముగ చేసికొను ఉపాయమొకటి కలదు. నూరు కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియాను నలుబది మొదలు అరువది లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరపొరకు చల్లుచు త్రొక్కి, గాలి చొరకుండ పట్టాతో కప్పి మూడు వారము లుంచవలెను. తీసిన గడ్డిని కొంతసేపు ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగ అలవాటు చేయవలెను. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీటి బకెట్టును పశువునకు అందునట్లు ఉంచుట ప్రాణాంతకము. ఈ మాట ఇంటింట చెప్పుడు. మరియు ఎండుమేతను రాత్రివేళ ఎక్కువ పెట్టుడు. దానిని జీర్ణించుకొనునపుడు పొట్టలో వేడి పుట్టును. ఆ వేడి పగటి ఎండకు తోడు కారాదు.

మేత కొరవడినప్పుడే నాము ముప్పు వచ్చును. కోసిన జొన్నచేనిలో మోళ్ళ నుండి లేత పిలకలు వచ్చును. వాన లేక అవి గిడసబారి నిలుచును. వాటిలో సైనైడు విషము చేరును. ఆకలి గొన్న పశువు పచ్చన కనబడగానే ఆవురావురుమని మేయును. కొద్దిసేపటికే ఒగర్చుచు, వణకుచు, పడిపోవును. ఇది ముసలివారందరికి తెలిసినదే, కాని నేడు మంద తోలుచున్నది ముసలివారు కాదు, సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లలు. వారికి నాము అన్న మాటయే తెలియదు. ఏ చేనిలో జొన్న మోళ్ళు ఉన్నవో వార్డు సభ్యునకు తెలియును గదా. ఆ చేల గట్ల మీద ఒక కంపయో, ఎర్రగుడ్డయో పెట్టించుటకు నిధులు అక్కరలేదు. తిన్నట్లు అనుమానము కలిగినచో పసరు మందులతో కాలము పోగొట్టక వెంటనే వైద్యుని పిలువవలెను. సకాలములో సూదిమందు పడినచో బ్రదుకును. రెండు తెలుగు రాష్ట్రములలోను 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము సహాయము దొరకును. ఈ సంఖ్యను తొట్టి గోడ మీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. పంచాయతీ కార్యాలయములో అంటించిన కాగితము మేకల కాపరికి కనబడదు.

వడదెబ్బ తగిలిన పశువు నోరు తెరచి రొప్పును, చొంగ కార్చును, తూలును. నీడకు చేర్చి తల మీద, ఒంటి మీద విడువకుండ నీరు పోయవలెను. దానంతట అది త్రాగిననే త్రాగనిండు. రొప్పుచున్న పశువు నోట గొట్టముతో మజ్జిగ పోయుట మంచిదనుకొని చాలమంది చేయుదురు. అది ఊపిరితిత్తులలోనికి పోయి, బ్రదుకవలసిన పశువు చచ్చును.

కోడికి చెమటయే పట్టదు. దాని ఒంటి వేడి మనకంటె హెచ్చు; ముక్కు తెరచి రొప్పుటయే దానికున్న ఉపాయము. ఆ రొప్పుట చేతనే వేసవిలో గ్రుడ్డు పెంకు పలుచబడును. మట్టి మూకుళ్ళలో నీడన నీరు పెట్టి రోజుకు మూడుమార్లు మార్చవలెను. గింజలు తెల్లవారుజామున, చల్లబడిన పిమ్మట వేయవలెను. మధ్యాహ్నము గంప క్రింద మూయుట మాత్రము కూడదు. పిల్లి భయమున మూసిన గంపలోనే కోళ్ళు ఉడికి చచ్చుట మేము చూచితిమి.

ఇక పెరడు. ఆ ఇల్లాలి రెండు సెంట్లలో మునగచెట్టు ఒకటి, కరివేపాకు, రెండు అరటులు, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బీరపాదు, పాక మీది ఆనప ఉండెను. టమాటా ఎండకు పూత రాల్చును, బెండకు వేసవిలో పల్లాకు తెగులు హెచ్చు. ఆమె ఆ రెంటిని వేయలేదు. అడుగగా "నీళ్ళు దండగ" అనెను. నాలుగు బిందెలతో అంత పెరడు నిలుచుటకు కారణము కుండలు. పాదు ప్రక్కన మెరుగు పెట్టని మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి, మూకుడు మూయును. నీరు మెల్లగ చెమ్మగిలి వేళ్ళకు మాత్రమే పోవును. మూడు దినముల కొకసారి నింపిన చాలును. పాదులన్నిటిలోను పశువులు తినక వదలిన గడ్డిపరకలు పరచి యుండెను. స్నానపు నీరు అరటులకు పోవును. మునగాకు, అవిశాకు మేకలకు గూడ మేత. పేడ పెరటికి, పెరటి రాలుడు పశువుకు. గేదె పోయిన మరుసటి యేడు పెరడు గూడ పలుచబడెను. ఎరువు లేదు, పరచుటకు గడ్డి లేదు. మేము దానిని చూచిన తరువాతనే గేదె అమ్మకములో పోయినది పాలు మాత్రమే కాదని తెలిసికొంటిమి.

టీకాల మాట క్లుప్తముగ చెప్పుదుము. గొంతువాపు టీకా, గొఱ్ఱెలకు మేకలకు చిటుకు రోగపు టీకా తొలకరికి ముందే వేయింపవలెను. వానపడిన పిమ్మట లేతపచ్చిక మీద మేకలు విరుచుకొనిపడి ఒకే రాత్రి మందలో నాలుగైదు చచ్చిన తరువాత ఆసుపత్రికి పరుగెత్తుట వలన లాభము లేదు. టీకాల దినమున మనుష్యులు ఉపాధి పనికి, మంద బీటికి పోవును గనుక, తెల్లవారుజామున అయిదు గంటలకు పెట్టింపుడని వైద్యుని కోరుడు. ఆయన రాకపోడు, అడుగువారు లేక పదిగంటలకు వచ్చుచున్నాడు.

తొట్టి సంగతి ఇంకొంచె మున్నది. నిరుడు ఆ గ్రామమున వార్డు సభ్యురాలొకరు మాఘమాసములోనే ఇంటింట తిరిగి ఎన్ని గేదెలు, ఎన్ని మేకలు, ఎవరి వామి ఎన్నాళ్ళు వచ్చునో ఒక పిల్లల నోటుపుస్తకములో వ్రాసిరి. గ్రామసభలో ఆ పుస్తకము చదివిరి. పండ్రెండు ఇండ్ల వామి మార్చి దాటదని తేలగా, ఆ ఇండ్లవారు కలిసి ఫిబ్రవరిలోనే, ధర పెరగకముందు, రెండు లారీల గడ్డి తెప్పించుకొనిరి. తొట్టికి గొట్టము మరల వేయించి, నీటి ట్యాంకు మోటారు నడుపు మనిషికే తొట్టి బాధ్యత యిచ్చి, నెలకు కొంత అదనముగ ఇచ్చునట్లు తీర్మానము చేసిరి. ఆదివారము అతనికి సెలవు; ఆ దినము ఎవరి వంతో గోడ మీద వ్రాసిరి. మేము చెప్పక పోయి చూచినది ఒక ఆదివారము మధ్యాహ్నము. తొట్టిలో ముప్పాతిక వరకు నీరుండెను, వేపాకులు తేలుచుండెను. గేదె నమ్మిన ఆ ఇల్లాలు తన మేకలకు అక్కడ నీరు పెట్టుచుండెను. పడ్డ ఎదిగినదట, చూడి కట్టినదట. గేదెకు చూడి పది నెలలకు పైమాట గనుక ఈ వేసవి నడుమ ఈనవలెను. సరిగ్గ నీరు ఎక్కువ కావలసిన నెలలోనే. "ఈ యేడు కూడా నీళ్ళొదులుతారా అయ్యా?" అని ఆమె మమ్ము అడిగెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారము మేము కాము గనుక, ఆ సభ్యురాలి వంక చూచితిమి.

మీ ముందు ఒక్కొక్క కాగితము పెట్టించితిమి. మీ ఊరిలో తొట్లు ఎన్ని, అందులో నీళ్ళున్నవి ఎన్ని, వాటిని నింపు మనిషి పేరేమి, ఈ మూడింటిని వ్రాయుడు. పేరు తెలియనిచోట ఖాళీగ వదలుడు. టీ వచ్చులోపల ఆ ఖాళీలను గూర్చి మాటలాడుకొందము.